అప్ప వెళ్ళిన ఆసుపత్రి

పల్స్ పోలియో మర్నాడు, బూత్‌కు రాని పిల్లల కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నాను. శామీర్‌పేటలో కరీంనగర్ రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉన్న కాలనీ అది. కోస్తా జిల్లాల నుంచి ఉద్యోగాలకొచ్చిన కుటుంబాలు ఎక్కువ. నీలం గేటు ఇంటి తలుపు మీద సుద్దముక్కతో గుర్తు పెడుతుండగా ఆ ఇంటి కోడలు బయటికొచ్చింది.

"మామ్మ పోయారండీ," అంది. "పెద్దకర్మ కూడా అయిపోయింది. మీకు కబురు పెడదామనే అనుకున్నాం."

"ఎట్ల పోయింది?"

"నిద్దట్లోనే. పొద్దున్నే నీళ్ళు పొయ్యి మీద పెట్టమని కేకెయ్యలేదేమిటా అని వెళ్ళి చూస్తే, అయిపోయింది."

"మంచిగనే పోయింది," అన్నాను. నా భుజాన చుక్కల మందు పెట్టె ఉంది. ఐసు కరిగేలోగా ఆ వీధి పూర్తి చెయ్యాలి. పక్కింటికి వెళ్ళాను. మధ్యాహ్నం ఒక ఇంటి అరుగు మీద కూర్చుని అన్నం తింటున్నప్పుడు గానీ ఆమె గురించి ఆలోచించడానికి తీరలేదు.

ఆమెకొక పేరు ఉండే ఉంటుంది. కాలనీలో పెద్దా చిన్నా అందరూ మలాయా మామ్మ అనేవారు. నేను మా వైపు అలవాటు ప్రకారం అవ్వా అనేదాన్ని. ఆమె నన్ను నర్సమ్మా అనేది. కొడుకు మేడ్చల్ వైపు ఒక మందుల కంపెనీలో పని చేసేవాడు. వాళ్ళది శ్రీకాకుళం జిల్లా, ఒడియా మాట తెలుగులో కలిసిపోయే అంచు ఊరు. నేను శామీర్‌పేట ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎంని. తొంభైల మధ్యలో ఆ కాలనీ నా వంతుకు వచ్చింది.

మొదటిసారి చూసింది వాళ్ళ వరండాలోనే. నెలకోసారి టీకాలు వెయ్యడానికి ఆ వరండా ఇచ్చేవారు. తల్లులు పిల్లల్ని ఎత్తుకుని వరసలో నిలబడితే, పొట్టిగా, గట్టిగా ఉన్న ఒక ముసలామె గడప మీద కూర్చుని వేలు చూపిస్తూ లెక్కపెడుతోంది. "ఇచి, ని, సన్, సి, గో, రొకు..."

"గదేం లెక్క అవ్వా? ఒడియానా?"

"జపానోల్ల లెక్క," అంది, శేర్లూ మానికల లెక్క అన్నంత మామూలుగా. "ఆ లెక్క తప్పితే సెంప పగిలీది. తెలుగు లెక్క తప్పితే ఎవులూ కొట్టలేదు. అందికే అది నాకు సరిగ్గా రానేదు."

అని తనే నవ్వింది. తల్లులూ నవ్వారు. నేను సూది పట్టుకుని ఉన్నాను కాబట్టి నవ్వలేదు.

ఆమె ఎడమ పిక్క మీద అరచేయంత మచ్చ ఉండేది. మధ్యలో గుంట పడి, చర్మం నున్నగా మెరిసేది. నర్సును కాబట్టి నా కళ్ళు ముందు అక్కడికే పోయాయి. ఏమిటని అడిగితే "వెదురు ముల్లు" అంది. వెదురు ముల్లు గుచ్చుకుంటే అంత మచ్చ పడదు. గుచ్చుకున్నాక నెలల తరబడి కుళ్ళితే పడుతుంది. అది నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

చిన్నప్పుడే తల్లిదండ్రులు ఆమెను మలాయా తీసుకెళ్ళారు, రబ్బరు తోటలో కూలికి. తల్లి అక్కడే జ్వరంతో పోయింది. యుద్ధంలో జపాను సైన్యం వచ్చి తోటలు మూతపడ్డాక, ఇప్పుడు థాయిలాండ్ అంటున్న సయాం నుంచి బర్మాకి అడవిలో రైలుదారి వెయ్యడానికి మనుషులు కావాలన్నారు. మూడు నెలల పని, బియ్యం ఇస్తారు అని తోట గుమాస్తా చెప్పాడు. రానన్నవాళ్ళను కూడా లారీలు ఎక్కించారు. అప్పటికామె వయసొచ్చిన పిల్ల. యుద్ధం అయిపోయేదాకా ఆ లేబరు క్యాంపుల్లోనే తట్టలతో మట్టి మోసింది. తండ్రి అక్కడే పోయాడు.

ఇదంతా ఒక్కసారి చెప్పింది కాదు. నాలుగైదేళ్ళలో, నేను రక్తపోటు చూస్తున్నప్పుడో, కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నప్పుడో, ఒక్కో ముక్క రాలేది. ఎవరి పెళ్ళి కబుర్లో చెబుతున్నట్టు చెప్పేది. "ఏనుగులుండీవి నర్సమ్మా, దుంగలు మోయడానికి. ఏనుగులకి సెలవుండీది. మాకు నేదు." ఇంకోసారి, "బియ్యం ఉండీవి, పురుగులూ ఉండీవి. సీకట్లో తినీవోలం. ఏది ఏదో తెలీదు కదా, అదే నయం." ఒకసారి "మా అయ్యా నానూ ఎల్లినాం" అనేది. ఇంకోసారి "ముగ్గురం ఎల్లినాం" అనేది. ముసలితనం, మరుపు అనుకున్నాను.

నీళ్ళ దగ్గర మాత్రం మరుపు ఉండేది కాదు. మరిగించని నీళ్ళు ఆమె గొంతు దిగేవి కావు. "కాగితే సాలదు, మరగాల" అనేది. గిన్నె మీదికి వంగి చెవి పెట్టి వినేది. ఏ శబ్దానికి ఒప్పుకునేదో మరి, తల ఊపాకే దించాలి. ఫంక్షన్ హాల్లో పెళ్ళిళ్ళకు వెళ్ళినా భుజాన ఆకుపచ్చ ఫ్లాస్కు వేలాడుతుండేది. పెళ్ళివారు చిన్నబుచ్చుకునేవారు, కోడలు తల దించుకునేది. ఆమె తన నీళ్ళు తను తాగి, లడ్డూ మాత్రం రెండోది అడిగేది. చెప్పులు తలగడ కింద పెట్టుకుని పడుకునేది. ఒక వర్షాకాలం శామీర్‌పేట చెరువు నిండి అలుగు పారితే కాలనీ అంతా చూడ్డానికి పోయింది. ఆటోలు దొరకలేదు. ఆమె మాత్రం గది మధ్యలో కుర్చీ వేసుకుని కప్పు వంక చూస్తూ కూర్చుంది.

"స్లాబే గదవ్వా. కారదు," అన్నాను.

"తెలుసు," అంది. చూపు మాత్రం దించలేదు.

మా ఆరోగ్య కేంద్రం వాళ్ళింటికి మూడు వీధుల దూరం. ఎంత జ్వరమొచ్చినా గడప తొక్కలేదు. ఆసుపత్రి అనే మాట ఆమె నోట చాలా ఏళ్ళు నేను వినలేదు. మా కేంద్రాన్ని "నీ కొట్టు" అనేది. "నీ కొట్లో మాత్రలున్నాయా?" అని అడిగేది. నేనే ఇంటికి వెళ్ళి ఇచ్చేదాన్ని.

కాలనీ దాటాక కీసర పోయే వైపు ఒక ఇటుక బట్టీ ఉండేది. ఇప్పుడక్కడ విల్లాలు లేచాయి. చలికాలం మొదలవగానే ఒడిషా నుంచి కుటుంబాలను లారీల్లో తెచ్చేవారు. వానలు పడే ముందు పంపేవారు. కాల్చని ఇటుకలు పేర్చి, పైన రేకు వేసిన గుడిసెలు. నిటారుగా నిలబడితే రేకు తలకు తగిలేది. అవ్వ సాయంత్రాలు ఫ్లాస్కు తగిలించుకుని అక్కడికి పోయేది. ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఒడియాలో మాట్లాడేది. ఇంట్లో వాళ్ళకు ఇష్టముండేది కాదు. ఆమె ఎవరి ఇష్టమూ అడిగేది కాదు.

ఒకసారి నేను కడుపుతో ఉన్నవాళ్ళను చూడ్డానికి పోతే తనూ అక్కడే ఉంది. ఆ వరస గుడిసెలు చూపించి, "ఈల్లకి కంచె నేదు, సూసినావా?" అంది. "మాకూ నేదు. పారిపోతే ఎక్కడికి పోతాం? సుట్టూ అడివి. ఈల్లకి ఈ బాసే అడివి."

ఒక ఎండాకాలం మొదట్లో, పొద్దున ఓపీ నడుస్తుండగా బయట కేక వినిపించింది. చూస్తే అవ్వ మా గేటు అవతల నిలబడి ఉంది. రెండు చేతులతో గేటు ఊచలు పట్టుకుంది గానీ లోపలికి అడుగు పెట్టలేదు.

"నర్సమ్మా! బట్టీకాడ మనుషులు కక్కుకుంటన్నారు. బేగి రా!"

డాక్టరు గారు మేడ్చల్‌లో మీటింగుకు పోయారు. ఓఆర్ఎస్ పొట్లాలు సంచిలో వేసుకుని ఆమెతో బయల్దేరాను. బట్టీలో పెద్దవాళ్ళూ పిల్లలూ గుడిసెల పక్కన ఎక్కడివాళ్ళక్కడ పడి ఉన్నారు. మట్టి పిసికే గుంతలో నీళ్ళే తాగడానికీ వాడుతున్నారు. లెక్కలు చూసే మున్షీ ఎదురొచ్చాడు. మా వైపు మనిషే.

"ఏం గాలే మేడం. ఎండ దెబ్బ. మీరు ఉత్తగ పరేషాన్ గావద్దు," అన్నాడు.

నేను అతనికి సమాధానం చెబుతుండగానే అవ్వ కాలిన ఇటుకల కుప్పలోంచి మూడు తెచ్చి పొయ్యి పెట్టింది. బట్టీ కట్టెలు లాగి అంటించింది. అందరికీ వండే పెద్ద గిన్నె ఎక్కించింది.

"ఓ అవ్వా! గా కట్టెలు ఎవల్నడిగి ముట్టిచ్చినవ్?" మున్షీ గొంతు పెంచాడు.

ఆమె గిన్నె మీదికి వంగి చెవి పెట్టింది. కాలనీ ఆమె, కంపెనీలో పని చేసే మనిషి తల్లి, పైగా ముసలిది. మున్షీ ఇంకో రెండు మాటలు అని ఊరుకున్నాడు. దాహంతో గిన్నెలో చెయ్యి పెట్టబోయిన ఒక ఆడమనిషి మణికట్టు మీద అవ్వ గట్టిగా ఒక దెబ్బ వేసింది. మరిగి, చల్లారాకే నేను పొట్లాలు కలిపాను. ఆ రోజూ మర్నాడూ ఆమె నీళ్ళు మరగబెడుతూనే ఉంది, నేను తాపిస్తూనే ఉన్నాను. చాలామంది లేచి కూర్చున్నారు.

ఒక్క పిల్ల లేవలేదు. ఇరవై ఏళ్ళుంటాయేమో. కొత్తగా పెళ్ళయినట్టుంది, చేతులకు ఇంకా ఎర్ర గాజులున్నాయి. కళ్ళు లోపలికి పోయాయి. తాగింది తాగినట్టే కక్కుతోంది. మణికట్టు దగ్గర నాడి నాకు దొరకలేదు. డాక్టరు గారికి ఫోన్ చేస్తే పట్నం పెద్దాసుపత్రికి పంపించమని జీపు ఇచ్చారు.

"ఒకల్ని పంపిస్తే అందరు పోతమంటరు మేడం," అన్నాడు మున్షీ. "సీజన్ అయ్యేదాంక ఎవ్వల్ని బట్టీ దాటనియ్యొద్దని సేట్ జెప్పిండు. నా నౌకరి పోతది."

అతనితో గొడవ ఉంటుందని నాకు ముందే తెలుసు. రెండో గొడవ గురించి తెలియదు. ఆ పిల్లను లేవనెత్తబోయేసరికి అవ్వ గుడిసె వాకిట్లో అడ్డంగా కూర్చుని, పిల్ల చీలమండను రెండు చేతులా పట్టుకుంది.

"ఒద్దు నర్సమ్మా. ఇక్కడే ఉండనీ. నాను నీలు తాపుతాను. నాను సూసుకుంటాను."

"నాడి దొర్కుతలేదవ్వా. నీళ్ళు కడుపుల నిలుస్తలేవు. నరానికెక్కియ్యాలె. దవాఖానకు తీస్కపోవాలె."

"ఏ పేరెట్టినా అది ఆసుపత్రే గదా," అంది.

మున్షీ మొహం విప్పారింది. "జూసిన్రా మేడం! అవ్వ గూడ వద్దంటాంది!"

పిల్ల మొగుడు సన్నగా, పొడుగ్గా ఉన్న కుర్రవాడు. మా ముగ్గురి మొహాలూ చూస్తున్నాడు. మున్షీ భాష అతనికి రాదు, నాదీ రాదు. అతను నమ్మేది ఆమెనే. ఆమె ఊ అంటే పిల్ల జీపెక్కుతుంది, లేకపోతే లేదు. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు.

నాకు కోపమొచ్చింది. "ఈ పోరి సస్తది అవ్వా! ఎందుకొద్దంటున్నవో జెప్పు," అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. ఆ పాదం వంకే చూస్తూ చెప్పింది.

"మా అప్పకీ ఇలగే వొచ్చింది."

వాళ్ళ భాషలో అప్ప అంటే అక్క. అక్క ఒకామె ఉండేదని నేను వినడం అదే మొదలు.

"వానాకాలం. వాగు అవతల కొత్తగా పాక ఏసినారు. బ్యోయిన్, బ్యోయిన్ అన్నాడు సిపాయి. ఆసుపత్రంట. మందుంటాదంట, మంచముంటాదంట, పని సెయ్యక్కల్లేదంట. అప్ప ఎల్లనంది. నా సెయ్యి ఒగ్గనేదు. నానే సెప్పినాను, ఎల్లవే, మందేస్తారు, బాగైపోయి వొచ్చీ అని. నానే దాని ఏలు ఒక్కోటీ ఊడదీసినాను."

"తర్వాత?"

"మమ్మల్ని వాగు దాటనీలేదు. వాన తగ్గినాక కర్రల కోసం అటు పంపినారు. పాకలో మంచాల్లేవు. మందు నేదు. తడి నేల మీద వరసగా పడేసినారు మనుషుల్ని. నీలిచ్చీవోడు కూడా నేడు. అప్ప ఏ వరసలో ఉండీదో ఎవులూ సెప్పలేకపోనారు."

మున్షీకి ఇదంతా ఏమర్థమైందో తెలియదు. నేను జవాబుల కోసం వెతికాను. ఇది సర్కారు దవాఖాన, ఇది వేరే దేశం, ఇప్పుడు వేరే కాలం. ఏది చెప్పినా ఆ సిపాయి చెప్పినట్టే ఉంటుందని తోచింది. మందుంటుంది, మంచముంటుంది. నా దగ్గరున్న మాటలూ అవే.

"నువ్వు గూడ రా," అన్నాను. "గా కాలు ఇడువకు. గట్లనే పట్టుకొని జీపెక్కు."

"లోపలికీ?"

"లోపలికి గూడ."

"ఆపితే?"

"ఆపితే నేను మాట్లాడుత."

ఆపరనే నమ్మకం నాకేమీ లేదు. ఆమె తల తిప్పి పొయ్యి దగ్గరున్న ఆడమనిషితో ఒడియాలో ఏదో గట్టిగా చెప్పింది, మంట ఆర్పొద్దనేమో. కుర్రవాడితో ఇంకేదో చెప్పింది. అతను వంగి పెళ్ళాన్ని ఎత్తుకున్నాడు. చీలమండ వదలకుండా అవ్వ పక్కనే నడిచింది. మున్షీ జీపుకు అడ్డం నిలబడ్డాడు. డ్రైవరు గేరు వేసి, "జరుగు భయ్, సర్కారు బండి," అన్నాడు. జరిగాడు. కానీ మొగుణ్ణి మాత్రం ఎక్కనివ్వలేదు, చొక్కా పట్టి ఆపాడు.

దారిలో అల్వాల్ దాటేదాకా ఆమె అడిగింది ఒకటే. "మద్దిలో వాగుందా?"

"లేదవ్వా. రోడ్డే."

కొంచెం దూరం పోయాక మళ్ళీ అదే అడిగింది.

వార్డులో అనుకున్నట్టే అటెండరు బయటికి పొమ్మన్నాడు. నేను మాట్లాడాను. నా మాట పని చెయ్యలేదు. వార్డు సిస్టరు వచ్చింది. పెద్దామె, చూడ్డానికి కటువు మనిషి. పాదం మీదున్న ఆ రెండు చేతుల్నీ చూసి, "ఉండనియ్. సెలైన్ చేతికి గదా పెట్టేది," అని వెళ్ళిపోయింది. కుర్ర డాక్టరు సీసా తగిలిస్తుంటే అవ్వ తలెత్తి అడిగింది. "బాబూ, ఇది మరిగించిందేనా?"

అతను ఒక్క క్షణం తడబడ్డాడు. "మరిగించిందే బామ్మా," అన్నాడు.

ఆమె సీసా వంక చెవి తిప్పి కాసేపు విన్నది. తర్వాత మంచం పక్కన నేల మీద కూర్చుంది. మర్నాడు నేను వెళ్ళేసరికి అక్కడే, అదే కాలు పట్టుకుని ఉంది. పిల్ల కళ్ళు తెరిచి ఉంది. నీళ్ళడిగిందట, తాగిందట, నిలిచాయట. అవ్వ ఈ మూడు ముక్కలూ నాకు రిపోర్టు ఇచ్చినట్టు చెప్పింది.

ఆ తర్వాత సంగతులు త్వరగా చెప్పేస్తాను. డిశ్చార్జి చేసే రోజుకు మొగుడు వచ్చాడు. పెళ్ళాన్ని వెనక్కి తీసుకొస్తానని మున్షీకి చెప్పి వచ్చాడట. వాళ్ళు మాత్రం మళ్ళీ బట్టీకి పోలేదు. ఆసుపత్రి నుంచి నేరుగా సికింద్రాబాద్ స్టేషన్‌కు పోయి వాళ్ళ వైపు పోయే రైలెక్కారు. ఏ ప్లాట్‌ఫారమో, ఎక్కడ మారాలో అవ్వే చెప్పింది. మున్షీ మా కేంద్రానికి వచ్చి అరిచి పోయాడు. సేట్ కాలనీకి కారేసుకుని వచ్చి కొడుకుతో, "మీ అమ్మకు జర సమ్జాయించుండ్రి," అన్నాడట. ఆ కొడుకు చాలా మెత్తని మనిషి. "మా మాటే వినదండీ ఆవిడ," అని టీ ఇచ్చి పంపాడు. ఆ సీజన్‌లో బట్టీకి ఒక నీళ్ళ ట్యాంకరు రావడం మొదలైంది. మిగతాదంతా ఎప్పటిలాగే నడిచింది.

డిశ్చార్జి రోజు వాళ్ళిద్దరూ మూట పట్టుకుని మెట్లు దిగిపోయాక అవ్వ కిందికి రాలేదు. బస్సు వేళవుతోందని పైకి వెళ్ళాను. వార్డులో నడుస్తోంది. ఒక్కో మంచం దగ్గరా ఆగుతోంది. ఇనప రాడ్ పట్టుకుని చూసింది. సెలైన్ స్టాండును ముట్టుకుంది. తలెత్తి ఫ్యాను చూసింది. పిల్లను పడుకోబెట్టిన మంచం ఖాళీగా ఉంది, ఆయా కొత్త దుప్పటి పరుస్తోంది.

"ఇది ఎవులికి?" అని అడిగింది.

"ఎవలస్తే వాళ్ళకు," అంది ఆయా.

"ఎవులొస్తే ఆల్లకా?"

"గంతే మరి. దవాఖాననాయె."

అవ్వ దుప్పటి మీద అరచెయ్యి ఆనించింది. నొక్కి చూసింది. మెల్లగా అంచున కూర్చుంది. కాళ్ళు నేలకు అందలేదు. పిక్క మీది మచ్చ కనిపిస్తోంది. నేను పక్కన నిలబడ్డాను.

"నర్సమ్మా," అంది. "మా అప్ప ఇలాటిదనుకునే ఎల్లింది."

వార్డు తలుపు తోసుకుని స్ట్రెచర్ వచ్చింది, మీద ఎవరో మూలుగుతున్నారు. అవ్వ దిగి, తను కూర్చున్న చోట దుప్పటి సర్ది, వాళ్ళకు దారి ఇచ్చింది.